ముదిగుబ్బ బస్టాండులో పెద్ద విమానం

విమానం ఎక్కకముందే విమానాల మీద పెద్ద వ్యాసం రాసినవాణ్ణి నేను. ఎక్కకముందే అంటే, దాన్ని దగ్గర నుంచి చూడకముందే. పత్రికాఫీసుల్లో ఇదేమంత వింత కాదు. ఈత రానివాడు వరదల మీద రాస్తాడు, పెళ్ళికానివాడు సంసార సలహాల శీర్షిక నడుపుతాడు. ఇప్పుడు ఏ పేపరు తెరిచినా రద్దీ మార్గాల్లో పెద్ద విమానాలు నడపాలా, చిన్నవే ఎక్కువసార్లు తిప్పాలా అని నిపుణులు వాదించుకుంటున్నారు. ఆ వాదనలోకి దిగాలని ఉబలాటపడే కుర్ర విలేకరులకు నా అనుభవం చెబుతాను. నేను అందులోకి మద్రాసులో దిగాను. ముదిగుబ్బ బస్టాండులో తేలాను.

యాభైల చివర్లో మద్రాసులో ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటరుగా ఉండేవాణ్ణి. ఇంగ్లీషులో వచ్చే తంతి వార్తల్ని తెలుగు చేయడం నా పని. ఒక శనివారం, ఆదివారం సంచికలో ఒక పేజీ ఖాళీగా మిగిలింది. దేనితోనైనా నింపమన్నారు మా ఎడిటరు పెద్దాయన. నా బల్ల మీద విదేశీ పత్రిక ఒకటి ఉంది. అందులో విమాన కంపెనీల కష్టసుఖాల మీద వ్యాసం ఉంది. జనం ఎక్కువగా తిరిగే మార్గంలో డకోటాల్లాంటి చిన్న విమానాల్ని పూటకొకసారి నడపడం మేలా, కొత్తగా వచ్చిన పెద్ద విమానాన్ని రోజుకొకసారి నడపడం మేలా అన్నది ప్రశ్న. నేను దాన్ని తెలుగు చేసి, నా సొంత తీర్పు కూడా జోడించి, పెద్ద విమానమే మేలని తేల్చేశాను. పైలట్ల జీతాలు కలిసొస్తాయి, ఇంధనం కలిసొస్తుంది, మనిషికింత అని లెక్కవేస్తే ఖర్చు దిగుతుంది. ఎంత సులభమో చూడండి.

అసలు వ్యాసం చివరి పేరాలో ఇంకో మాట ఉంది. ప్రయాణికుడికి కావలసింది సీటు మాత్రమే కాదు, వేళ కూడా. తన పని వేళకు బయల్దేరే బండి లేకపోతే అది ఎంత పెద్దదైనా అతనికి లేనట్టే అని. ఆ పేరా పేజీలో పట్టలేదు. స్థలం చాలకపోతే కింది నుంచి కోయడం మా వృత్తిధర్మం. కోశాను. పేజీ అందంగా కుదిరింది.

అరవైలు మొదలయ్యాక మా పత్రికకు అనంతపురం జిల్లా కరువు వార్తలు కావలసి వచ్చాయి. మాది ముదిగుబ్బ అని తెలిసి, ఇంటద్దె ఇవ్వనక్కరలేదని నన్ను పంపారు. వాన పడలేదన్న వార్తను ప్రతిరోజూ కొత్తగా ఎలా రాయాలో నాకు ఎప్పటికీ చేతకాలేదు. ఎండిన బావుల గురించీ, తెగనమ్ముకున్న గొర్రెల గురించీ రాసి పోస్టులో వేసేవాణ్ణి. తొందర వార్తయితే అనంతపురం పోయి టెలిగ్రాం ఇవ్వాలి. అనంతపురం పోవాలంటే బస్సు ఎక్కాలి. అలా బస్సు ఓనరుతో పరిచయమైంది.

ఆయనకు రెండు చిన్న బస్సులు ఉండేవి. ముసలి పెట్రోలు బళ్ళు. ఒకటి నిండితే కదిలేది. దాని వెనక రెండోది వచ్చి నిలబడి నిండేది. టైంబోర్డు ఒకటి ఉండేది గాని దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు. జనం కిటకిటలాడిపోయేవారు. కోర్టు వాయిదాలకు పోయేవాళ్ళు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, శెనక్కాయల మూటలతో మిల్లులకు పోయేవాళ్ళు, కరువు పనుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు. ఓనరు మా నాయన ఈడువాడైనా అందరిలాగే నేనూ ఆయన్ని అన్నా అనేవాణ్ణి.

ఒకరోజు ఆయనే నన్ను ఆపి అడిగాడు. "ఏమప్పా, ఇమానాల మీద రాసింది నువ్వేనంటనే?"

నాకు ఒళ్ళు పులకరించింది. ఆ వ్యాసాన్ని నేనూ, ప్రూఫులు దిద్దినాయనా తప్ప మూడోవాడు చదివినట్టు నాకు అంతవరకు తెలియదు. ఎక్కడ చదివావన్నా అన్నాను.

"ధర్మారం నుంచి పట్టుచీర తెస్తే దానికి సుట్టిన పేపర్లో ఉన్నింది. సగమే ఉన్నిందిలే. సగమైనా శానా బాగుండాది."

మిగతా సగం నేను అక్కడే నిలబడి నోటితో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివర్లో ఒకే ప్రశ్న వేశాడు, బస్సుకైనా ఇదే లెక్కనా అని. తెలియదు అనే మాట విలేకరి నోట్లో తిరగదు. రూలు ఒకటేనన్నా, రద్దీ ఉన్న చోట పెద్దదే అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. నేనూ ఇంటికి వెళ్ళి నిద్రపోయాను.

కొన్ని నెలలకు ఆయన తన చిన్న బస్సులు రెండూ అమ్మేశాడు. బావి కింద మడి కూడా అమ్మాడు. బెంగుళూరులో బాడీ కట్టించి డీజిలు బస్సు ఒకటి దింపాడు. మా ఊరు అంత పెద్ద బస్సును ఎన్నడూ చూడలేదు. ఆకుపచ్చ రంగు, కిటికీలకు ఇత్తడి కమ్మీలు. వెనక భాగాన, నా మీద గౌరవంతో, విమానం బొమ్మ వేయించాడు. వేసిన పెయింటరూ నాలాంటివాడే, విమానం చూసి ఎరగడు. అది రెక్కలు వచ్చిన చేపలాగా ఉండేది. కొబ్బరికాయ నా చేతే కొట్టించారు. కాయ మొదటి దెబ్బకు పగల్లేదు. నేను దాన్ని పట్టించుకోలేదు, శకునాలకు వ్యతిరేకంగా కూడా ఒక వ్యాసం రాసి ఉన్నాను కాబట్టి.

మా వైపు జనానికి ఒక అలవాటు ఉంది. బస్సు వచ్చి ఆగగానే కిటికీలోంచి టువ్వాలు విసిరి సీటు పట్టుకుంటారు. టువ్వాలు లేకపోతే సంచి, సంచి లేకపోతే చెప్పులు. అలా సీటు పట్టి, బస్సు కదిలేదాకా టీ అంగడి కాడ కూచుంటారు. కదలని బండిలో కూచోవడం మావాళ్ళకు నామోషీ. చిన్న బస్సుతో ఇది చిక్కు కాలేదు. నలుగురు లోపల కనబడితే మిగతావాళ్ళకు అది ఇక పోతుందన్న నమ్మకం కుదిరి ఎక్కేవారు, పోయేది. పెద్ద బస్సులో నలుగురు కూచుంటే దిబ్బ మీద నాలుగు కాకులు వాలినట్టు ఉంటుంది. ఇది ఇప్పట్లో నిండేది కాదని తక్కినవాళ్ళు ఇంకో టీ చెప్పేవారు. వాళ్ళను చూసి ఆ నలుగురూ దిగేవారు. కండక్టరుకు టువ్వాళ్ళు కనబడేవి గాని మనుషులు కనబడేవారు కాదు. కోర్టు పిలుపు అయిపోయాక అనంతపురం చేరినవాళ్ళు ఓనరును తిట్టేవారు. వాళ్ళకు నా సంగతి తెలియకపోవడం నా అదృష్టం.

బాగుపడింది ఒక్క టీ అంగడి ఆమె. ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడు తప్ప ఆ అంగడి మూసేది కాదు. పెద్ద బస్సు వచ్చాక ఉగ్గాణి, బజ్జీ కూడా మొదలుపెట్టింది. నేను కనిపిస్తే చాలు, నీలాంటోడు ఊరికొకడు ఉండల్ల నాయనా అని దీవించేది.

ఓనరు ఉపాయం ఆలోచించి నా దగ్గరికి వచ్చాడు. నేను ప్యాంటు వేసుకునేవాణ్ణి, చేతిలో ఎప్పుడూ పేపరు ఉంటుంది, తొందర పనులున్న మనిషినని ఊళ్ళో పేరు. నేను పొద్దున్నే ముందు సీట్లో కూచుంటే, విలేకరే ఎక్కినాడు, ఇంక పోతుందని జనం నమ్ముతారన్నాడు. కొబ్బరికాయ కొట్టినవాణ్ణి, కాదనలేకపోయాను. నిండగానే దిగి ఇంటికి పోవచ్చన్నాడు.

అలా నాకు ఇంకో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే ముందు సీట్లో కూచుని పేపరు చదివేవాణ్ణి. మొదట్లో పథకం అద్భుతంగా పారింది. నన్ను చూసి జనం ఎక్కేవారు. ఆఖరి మనిషి రాగానే కండక్టరు వచ్చి, "సార్, మీ సీటుకు టికెట్టు వచ్చింది" అనేవాడు. నేను లేచి దిగేవాణ్ణి. బస్సు కదిలేది. కొంతకాలానికి ఒక విషయం గమనించాను. నేను కూచుని ఉండగా ఎక్కేవాళ్ళు తగ్గుతున్నారు. కాళ్ళు పట్టేసి ఒకసారి కిందికి దిగితే మాత్రం అందరూ ఒక్కసారిగా పరుగెత్తుకొచ్చి ఎక్కుతున్నారు. నేను కిందికి వచ్చి నలుగురిలో నిలబడితే జనానికి ధైర్యం వస్తోందని అర్థం చేసుకున్నాను. పలుకుబడి అంటే ఇదే కాబోలని లోలోపల మురిసిపోయాను కూడా.

ఇంతలో కదిరి నుంచి ఇంకో ఓనరు అర్జీ పెట్టాడు. ముదిగుబ్బ బస్సు వేళకు పోవడం లేదు, ఆ పర్మిట్టు రద్దు చేసి నాకిస్తే చిన్న బస్సులు రెండు తిప్పుతానని. విచారణకు రవాణా ఆఫీసరు తానే వచ్చి, బస్సు బోర్డు మీద రాసిన వేళకు నిండుగా బయల్దేరుతుందో లేదో చూసి, అదే బస్సులో అనంతపురం పోయి, ఆ మధ్యాహ్నమే ఆర్డరు ఇస్తాడని కబురు వచ్చింది. పర్మిట్టు పోతే ఆ ఆకుపచ్చ బండిని ఏ రోడ్డు మీదా తిప్పడానికి లేదు. అమ్ముకుందామన్నా కొనేవాడు లేడు. చిన్న బస్సులు పోయాయి, మడి పోయింది. ఓనరు ఆ వారంలో సగమయ్యాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ముందురోజు ఆయన టీ అంగడి ఆమె దగ్గరికి పోయి, రేపు పొద్దున రోంతసేపు అంగడి మూయమని బతిమాలాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"నీ బస్సు నిండల్లని నా పొయ్యి ఆర్పల్లనా? నీ బస్సు పోయినంక నాకు యాపారం యాడిది? జనం టీ తాగడానికి గాదన్నా ఈడికొచ్చేది, నీ బస్సు పోక తాగుతాండారు" అందామె.

మేమిద్దరమూ చెరో టీ తాగి లేచాం.

విచారణ రోజు నాకూ అనంతపురంలో పని పడింది. ఆర్డరు ఏమవుతుందో ఆ సాయంత్రం టెలిగ్రాం ఇస్తానని మద్రాసుకు ముందే రాసేశాను. మా జిల్లా నుంచి ఒక్క కరువు తప్ప వేరే వార్త పంపడం అదే మొదటిసారి. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, సంచీలో కాగితాలు పెట్టుకుని, ఎప్పటికన్నా ముందే వచ్చి నా ముందు సీట్లో కూచున్నాను. ఈసారి నిజం ప్రయాణికుణ్ణి. కండక్టరును అడిగి టికెట్టు కూడా కొన్నాను.

ఆఫీసరు జీపులో వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడు. బస్సులోకి ఎక్కి చూశాడు. ప్రతి సీటు మీదా టువ్వాలో, సంచో, చెప్పుల జతో ఉన్నాయి. మనిషిని నేనొక్కణ్ణే.

"ఇవన్నీ ఎవరివి?" అని కండక్టరును అడిగాడు.

"ప్యాసింజర్లవి సార్."

"ప్యాసింజర్లు ఏరీ?"

"టీ తాగుతాండారు సార్."

"మరి ఆయన?"

కండక్టరు నా వైపు చూశాడు. "ఆయప్ప దినామూ కూచుంటాడు సార్."

"ఎక్కడికి వెళ్తారు?"

"యాడికీ పోడు సార్."

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆఫీసరు నా వెనక సీట్లో టువ్వాలు జరిపి కూచుని గడియారం చూసుకున్నాడు. బోర్డు మీది వేళ దగ్గర పడుతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంజను స్టార్టు చేసి గర్జింపజేశాడు. అంగడి కాడ ఒక్కరూ లేవలేదు. లేవకపోగా అందరూ నావైపే చూస్తున్నారు. ఏదో మొహమాటానికి చిరునవ్వు నవ్వాను.

అప్పుడు తనకల్లు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, భుజాన కంబళి వేసుకుని, చంకలో గొర్రెపిల్లను పెట్టుకుని నా కిటికీ కాడికి వచ్చాడు. కోపంగా లేడు, నిజంగానే తెలుసుకోవాలని వచ్చాడు.

"ఎప్పుడు దిగుతావప్పా?"

"నేను దిగను తాతా. నేనూ అనంతపురం పోతాండా."

ఆయన మొహం మాడిపోయింది. "అట్లయితే ఈ దినం బస్సు పోదా?"

ఏం మాట్లాడుతున్నాడో నాకు అర్థం కాలేదు. ఆయన అంగడి వైపు తిరిగి, పొలంలో మాట్లాడేవాళ్ళ గొంతుతో కబురు అందించాడు. "ఆయప్ప దిగడంట. ఇంగో టీ సెప్పుకోండి."

నా పలుకుబడి సంగతి అప్పుడు తెలిసివచ్చింది. ఇన్నాళ్ళూ నేను దిగీదిగగానే బస్సు కదలడం చూసి చూసి, వాళ్ళు నన్ను బడిగంటలాగా వాడుకుంటున్నారు. నేను లోపల ఉంటే ఇంకా వేళ కాలేదు. దిగితే వేళయింది. వాళ్ళకు హారన్ మీద నమ్మకం లేదు, ఇంజను మీద లేదు, బోర్డు మీద అసలే లేదు. నామీద ఉంది.

ఓనరు ఈ మాటలన్నీ మెట్ల దగ్గర నిలబడి విన్నాడు. నెమ్మదిగా నా కిటికీ దగ్గరికి వచ్చి ఇత్తడి కమ్మీ పట్టుకున్నాడు.

"దిగప్పా."

"అన్నా, ఈ దినం నేను నిజంగా పోవల్ల. టికెట్టు కొన్నా."

"నువ్వు పోవల్లంటే బస్సు పోవల్ల గదా. నువ్వుంటే అది పోదు." తర్వాత ఇంకా గొంతు తగ్గించాడు. "మడి కూడా అమ్మినా నాయనా."

వెనక ఆఫీసరు మళ్ళీ గడియారం చూసుకోవడం నాకు డ్రైవరు ముందున్న అద్దంలో కనబడింది. నేను లేచి, సంచి తీసుకుని దిగాను.

నా రెండో కాలు నేల తాకిందో లేదో, అంగడి అంగడంతా లేచింది. గ్లాసులు ఎక్కడివక్కడ పెట్టేసి, మూటలు ఎత్తుకుని, పిల్లల్ని చంకనేసుకుని పరుగు. నన్ను తోసుకుంటూనే ఎక్కారు. నా సీట్లో తనకల్లు తాత కూచున్నాడు, గొర్రెపిల్ల తల కిటికీలోంచి బయటికి పెట్టి నన్ను చూసింది. టువ్వాళ్ళ కింద మనుషులు వచ్చారు, బస్సు కళకళలాడింది. బోర్డు మీది వేళకు సరిగ్గా డ్రైవరు గేరు వేశాడు.

నేనూ మెట్టు మీద కాలు పెట్టాను. తక్కిన రోజుల్లో అయితే ఆ బస్సులో మెట్టు మీద నలుగురు, పైన నలుగురు పోతారు. ఆ రోజు లోపల ఆఫీసరు ఉన్నాడు. కండక్టరు నా భుజం మీద చెయ్యి వేసి మెత్తగా కిందికి తోశాడు. "జాగా లేదు సార్. నిలబడేటోళ్ళని ఎక్కించుకోకూడదు, రూలు." నేను సంచి పట్టుకుని కొంతదూరం పరుగెత్తాను. రెక్కల చేప దుమ్ములో కలిసిపోయింది.

ఇక ఆ మార్గంలో వేరే బస్సు లేదు. ఉన్న ఆ ఒక్కటే పోయి రావాలి. రెండు చిన్న బస్సులున్న కాలంలో ఒకటి తప్పినవాడు దాని వెనకదాన్ని ఎక్కి కాలు మీద కాలేసుకుని పోయేవాడు. రోడ్డు పక్కన ఎండలో నిలబడి ఆ సంగతి తీరిగ్గా ఆలోచించుకున్నాను. కరువులో కంపచెట్లు కొట్టి బొగ్గు కాల్చి బతికేవాళ్ళు ఆ రోజుల్లో ఎక్కువ. అలాంటి బొగ్గుల లారీ ఒకటి ఆగి నన్ను బస్తాల మీద ఎక్కించుకుంది. అనంతపురంలో దిగేసరికి నా తెల్లచొక్కా మా పత్రిక మొదటి పేజీలాగా ఉంది, తెలుపు కన్నా నలుపే ఎక్కువ.

బస్టాండులో కండక్టరు కనబడి దారిలో జరిగింది చెప్పాడు. బస్సు కదలగానే ఆఫీసరు కిటికీలోంచి వెనక్కి చూశాడట. సంచి పట్టుకుని పరుగెత్తే మనిషి కనబడ్డాడట. ఆ మనిషికి తర్వాతి బస్సు ఎప్పుడని కండక్టరును అడిగాడట. పొద్దుటి నుంచి జవాబులు చెప్పి చెప్పి కండక్టరు అలసిపోయి ఉన్నాడు. "మళ్ళా ఇదే సార్, పోయి రావల్ల" అని నిజం చెప్పేశాడు. ఆఫీసరు జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నాడట.

మధ్యాహ్నం ఆయన ఆఫీసుకు పోయాను. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. పొద్దున వెనక మిగిలిపోయింది మీరేనా అన్నాడు. అవునన్నాను. విలేకరినని చెబితే ఇంకా ఆశ్చర్యపోయాడు. పెద్ద బస్సు, చిన్న బస్సు విషయంలో మీ పత్రిక ఏమంటుందని అడిగాడు. మా పత్రిక ఒక పేజీ నిండా ఏమందో నాకు బాగా తెలుసు. ముక్కులోంచి బొగ్గు పొడి దులుపుకుంటూ, మధ్యలో చిన్న బస్సు కూడా ఉంటే జనానికి సౌకర్యమేమోనండీ అన్నాను. సంపాదకీయ విధానం అంత తొందరగా మారడం నేనెప్పుడూ చూడలేదు.

ఆర్డరు అలాగే వచ్చింది. పెద్ద బస్సు నిండుగా, వేళకు బయల్దేరింది కాబట్టి పర్మిట్టు రద్దు కాలేదు. పొద్దున, సాయంత్రం అది నడపాలి. బస్సు తప్పినవాళ్ళకు దిక్కు లేదు కాబట్టి మధ్యలో చిన్న బస్సు తిప్పాలి. గడువులోగా ఓనరు చిన్న బస్సు తేలేకపోతే, ఆ భాగం కదిరివాడికి పోతుంది. ఓనరు ఊరుకోలేదు. తాను అమ్మిన చిన్న బస్సుల్లో ఒకటి కొత్తచెరువులో ఉంటే దాన్నే తంటాలు పడి తిరిగి తెచ్చుకున్నాడు. తాను అమ్మిన ధరకన్నా ఎక్కువ పెట్టే కొన్నాడని విన్నాను. ఆ వివరం నేను అడగలేదు.

నా వార్త కూడా వేశారు. బస్సు దొరక్క ఒక ప్రయాణికుడు రోడ్డున మిగిలిపోవడం అధికారి దృష్టికి వచ్చిందని రాశాను. విలేకరి వార్తలో తన గురించి రాసుకోకూడదు కదా.

చిన్న బస్సు వచ్చిన కొత్తలో ఓనరు మా ఇంటికి వచ్చాడు. ఒంటి మీదికి మళ్ళీ కాస్త కండ వచ్చింది. నాకు బతికినన్నాళ్ళూ రెండు బస్సుల్లోనూ టికెట్టు లేదన్నాడు. నేను మొహమాటపడ్డాను. ఆయన ఇంకా కూచునే ఉన్నాడు, ఏదో చెప్పాలని.

"ఒకటే షరతప్పా. బస్టాండులో మాత్రం ఎక్కద్దు. ఊరి బయట కల్వర్టు ఉండాదే, ఆడ నిలబడు. ఆపి ఎక్కించుకుంటారు."

ఆ జిల్లాలో ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాను. తొందర వార్త వస్తే సంచి తగిలించుకుని, బస్టాండు దాటి, టీ అంగడి ఆమె వెనక నుంచి ఏదో అంటుంటే విననట్టు నడిచి, కల్వర్టు దగ్గర ఎండలో నిలబడేవాణ్ణి. ఎక్కువసేపు నిలబడనక్కర లేకపోయేది. పెద్దది పోయి ఉంటే చిన్నది వచ్చేది.